పరీక్షలో డాక్యుమెంటేషన్ చూసుకోవచ్చంటే సంబరపడిపోకండి, ముందు వెతకడం నేర్చుకోండి

"ఓపెన్ బుక్ అంట కదా, ఇంక టెన్షన్ ఎందుకు?" ఐటీ సర్టిఫికేషన్ పరీక్షలు రాయబోయేవాళ్ల నోట ఈ మాట తరచూ వింటుంటాను. ఒకప్పుడు నేనూ అన్నాను. అలాంటి పరీక్ష మొదటిసారి రాసినప్పుడు ఒక స్టోరేజ్ ప్రశ్న దగ్గర ఆగిపోయి, దీని టేబుల్ ఎక్కడో చూశానే, ఇక్కడే ఉండాలే అనుకుంటూ 11 నిమిషాలు వెతికాను. టేబుల్ దొరికింది, జవాబూ దొరికింది. తీరా చూస్తే టైమ్ అయిపోవస్తోంది, చివరి ఆరు ప్రశ్నలు సరిగ్గా చదవకుండానే ఏదో ఒకటి నొక్కి బయటపడ్డాను. తప్పు పూర్తిగా నాదే. పుస్తకం తెరవనిస్తారన్న ధైర్యంతో చదివాను తప్ప, తెరిచి వెతకడం ఒక్కసారి కూడా ప్రాక్టీస్ చేయలేదు.

ముందుగా మీ పరీక్షలో ఏం చూడనిస్తారో తేల్చుకోండి, ఎందుకంటే ఒక్కోచోట ఒక్కో పద్ధతి. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్), సిస్కో సీసీఎన్ఏ (నెట్‌వర్కింగ్), కాంప్‌టియా పరీక్షల్లో ఏమీ చూడనివ్వరు. మైక్రోసాఫ్ట్ 2023 ఆగస్టులో అసోసియేట్, ఎక్స్‌పర్ట్, స్పెషాలిటీ పరీక్షల్లో తన డాక్యుమెంటేషన్ ఉండే మైక్రోసాఫ్ట్ లెర్న్ సైట్ చూసుకోనివ్వడం మొదలుపెట్టింది, ఏజెడ్-900 లాంటి ఫండమెంటల్స్ (తొలిమెట్టు) పరీక్షలకి మాత్రం ఆ సౌకర్యం లేదు. క్యూబర్నెటీస్ (చాలా మెషీన్ల మీద అప్లికేషన్లను నడిపే వ్యవస్థ) పరీక్షలు సీకేఏ, సీకేఏడీ, సీకేఎస్‌లలో అధికారిక డాక్యుమెంటేషన్ తెరవొచ్చు. రెడ్ హ్యాట్ లినక్స్ పరీక్షల్లో ఇంటర్నెట్ ఉండదు, మెషీన్‌లో ఇన్‌స్టాల్ అయి ఉన్న మ్యాన్ పేజీలే (కమాండ్ల వాడకం చెప్పే పేజీలు) దిక్కు. సైబర్ సెక్యూరిటీకి చెందిన జీఐఏసీ పరీక్షలకు పుస్తకాలు, నోట్స్ కాగితం మీద తీసుకెళ్లొచ్చు, ఎలక్ట్రానిక్ వస్తువు మాత్రం ఏదీ కుదరదు.

ఈ వివరాలు పరీక్ష బుక్ చేసిన రోజే అధికారిక పేజీలో చదవండి, పరీక్షకు వారం ముందు మళ్లీ చదవండి. ఎవరో మూడేళ్ల కింద రాసి చెప్పిన అనుభవం మీద ఆధారపడొద్దు. సీకేఏ సంగతే చూడండి, ఒకప్పుడు అందరూ తమ బ్రౌజర్‌లో బుక్‌మార్కులు సర్దుకుని వెళ్లేవాళ్లు. 2022 జూన్ నుంచి పరీక్ష మొత్తం ఒక రిమోట్ డెస్క్‌టాప్ లోపల జరుగుతోంది, బ్రౌజర్ కూడా దాని లోపలిదే, మీ బుక్‌మార్కులు అక్కడికి రావు. పాత వీడియోలు చూసి ఇప్పటికీ గంటల తరబడి బుక్‌మార్కులు తయారుచేసుకునేవాళ్లున్నారు పాపం.

ఇప్పుడు లెక్క. ల్యాబ్ (చేసి చూపించే భాగం) లేని మైక్రోసాఫ్ట్ అసోసియేట్ పరీక్షకు 100 నిమిషాలు, ప్రశ్నలు ఓ 50 అనుకుంటే ఒక్కోదానికి రెండే నిమిషాలు. లెర్న్ తెరిచినంత మాత్రాన గడియారం ఆగదు, అదనంగా ఒక్క నిమిషం కూడా ఇవ్వరు. కాబట్టి ఆ సైట్ ఉన్నది తెలిసినదాన్ని ఖాయం చేసుకోవడానికే. తెలియనిది అక్కడ కూర్చుని నేర్చుకుందాం అనుకుంటే దాహం వేసినప్పుడు బావి తవ్వడమే. నేను పెట్టుకున్న రూలు ఒకటే: ఏ పేజీలో ఉంటుందో తెలిస్తేనే తెరుస్తాను. "ఎక్కడో ఉండే ఉంటుంది" అనిపిస్తే తెరవను, ఊహించి జవాబు పెట్టేసి, రివ్యూకి మార్క్ చేసుకుని ముందుకెళ్తాను.

మైక్రోసాఫ్ట్‌లో లెర్న్ సైట్ ప్రశ్న పక్కనే తెరుచుకుంటుంది. గూగుల్ ఉండదు, ఆ సైట్‌లోని సెర్చ్ పెట్టెతోనే వెతకాలి. రోజూ గూగుల్‌లో టైప్ చేసి మొదటి లింక్ నొక్కే అలవాటున్నవాళ్లకి ఇక్కడే దెబ్బ పడుతుంది. కనీసం పరీక్షకు ముందు రెండు వారాలైనా గూగుల్ పక్కనపెట్టి, ఏ సందేహం వచ్చినా లెర్న్ సైట్‌లోనే వెతకండి. పేజీల అసలు పేర్లు అప్పుడే నోటికొస్తాయి. వెతకడానికి పనికొచ్చేవి సర్వీస్ టియర్లను పోల్చే టేబుళ్లు, లిమిట్ల అంకెలు, ఏ బిల్ట్-ఇన్ రోల్‌కి ఏ అధికారం ఉందనే జాబితా, కమాండ్ పారామీటర్ల స్పెల్లింగ్ లాంటివి. "ఈ పరిస్థితిలో ఏ డిజైన్ మంచిది" అనే ప్రశ్నకి అక్కడ జవాబు దొరకదు, దొరికినా నాలుగు పేజీలు చదవాలి. మొదటి విడతలో సైట్ ముట్టుకోకుండా అన్నీ పూర్తిచేసి, మిగిలిన టైమ్‌లో మార్క్ చేసినవాటికి మాత్రమే తెరవడం ఉత్తమం. కాకపోతే ఒక మెలిక ఉంది. కేస్ స్టడీ (ఒక కంపెనీ పరిస్థితి ఇచ్చి దాని మీద అడిగే ప్రశ్నల గుంపు) నుంచి బయటికొచ్చేశాక మళ్లీ లోపలికి వెళ్లలేరు, ఒకే సమస్యకి వరుసగా వచ్చే అవును-కాదు ప్రశ్నలకీ వెనక్కి పోనివ్వరు, మధ్యలో బ్రేక్ తీసుకుంటే అంతవరకు చూసిన ప్రశ్నలు మూసుకుపోయినట్టే. అలాంటి చోట చూడాల్సింది అప్పుడే చూసేయాలి. పరీక్ష స్క్రీన్ ఎలా ఉంటుందో చూపించే శాండ్‌బాక్స్ మైక్రోసాఫ్ట్ ఉచితంగానే పెట్టింది, ఒకసారి అందులో క్లిక్ చేసి చూడండి.

క్యూబర్నెటీస్ పరీక్షల కథ వేరు. ఇక్కడ ఆప్షన్లు ఉండవు, 2 గంటల్లో 15 నుంచి 20 పనులు టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే తెర) చేసి చూపించాలి, సీకేఏ పాస్ మార్కు 66 శాతం. పనికి ఆరు నుంచి ఎనిమిది నిమిషాలొస్తాయి. నా సలహా, దేనికి డాక్యుమెంటేషన్ అవసరం లేదో ముందు తెలుసుకోండి. డెప్లాయ్‌మెంట్, కాన్ఫిగ్‌మ్యాప్, సీక్రెట్, జాబ్, రోల్ లాంటివాటికి క్యూబ్‌సీటీఎల్ క్రియేట్ అనే కమాండ్ ఉంది, దానికి డ్రై-రన్ (నిజంగా తయారుచేయకుండా నమూనా మాత్రమే చూపించే ఆప్షన్) జోడించి యామల్ ఫైల్‌లోకి (సెట్టింగులు రాసే ఫైల్) తీసుకుంటే సగం పని అక్కడే అయిపోతుంది. డీమన్‌సెట్‌కి క్రియేట్ లేదు, అయినా పేజీ వెతకక్కర్లేదు, డెప్లాయ్‌మెంట్ యామల్ తీసి కైండ్ మార్చి, రెప్లికాస్, స్ట్రాటజీ లైన్లు తీసేస్తే చాలు. ఫీల్డ్ పేరు మర్చిపోతే క్యూబ్‌సీటీఎల్ ఎక్స్‌ప్లెయిన్ టెర్మినల్‌లోనే చెప్పేస్తుంది.

ఇక డాక్యుమెంటేషన్ తప్పనిసరిగా కావాల్సినవి పర్సిస్టెంట్ వాల్యూమ్ (డేటా దాచే స్టోరేజ్), నెట్‌వర్క్ పాలసీ (ఏ ట్రాఫిక్‌ని రానివ్వాలో చెప్పే నియమం). వీటికీ క్రియేట్ కమాండ్ లేదు, ఖాళీ ఫైల్‌లో మొదటి నుంచి టైప్ చేయడం పిచ్చి పని. వాల్యూమ్‌కి కాన్సెప్ట్స్ విభాగంలోని పెద్ద పేజీ తెరవకండి, చదువుతూ పోతే తెల్లారుతుంది. టాస్క్స్ విభాగంలో పాడ్‌కి (అప్లికేషన్ నడిచే చిన్న యూనిట్) పర్సిస్టెంట్ వాల్యూమ్ తగిలించే పేజీ ఉంది, అందులో వాల్యూమ్, క్లెయిమ్, పాడ్ మూడూ వరుసగా ఉంటాయి, కాపీ చేసుకోవడమే. నెట్‌వర్క్ పాలసీకి మాత్రం కాన్సెప్ట్స్ పేజీలో ఉన్న ఉదాహరణే మంచిది, కానీ కాపీ చేశాక ఒక్క క్షణం ఆగి ఫ్రమ్ అనే లైన్ కింద అడ్డగీతలు (-) లెక్కపెట్టండి. నేమ్‌స్పేస్ సెలెక్టర్, పాడ్ సెలెక్టర్ ఒకే గీత కింద ఉంటే రెండు షరతులూ కలిసి కుదరాలి, దేని ముందు దానికి గీత ఉంటే ఏ ఒక్కటి కుదిరినా ట్రాఫిక్ లోపలికొస్తుంది. ఒక చిన్న గీతతో పాలసీ అర్థమే తలకిందులవుతుంది, పైగా ఎర్రర్ కూడా రాదు.

ఇంకో రెండు ముక్కలు. డాక్యుమెంటేషన్ సైట్ సెర్చ్ ఫలితాల్లో అనుమతి లేని సైట్ల లింకులు కూడా కనిపించొచ్చు, నొక్కే ముందు అడ్రస్ చూసుకోండి. టెర్మినల్‌లో పేస్ట్ చేయడానికి కంట్రోల్, షిఫ్ట్, వీ కలిపి నొక్కాలి, మామూలు కంట్రోల్ వీ పనిచేయదు. ఇది చిన్న విషయమే, కానీ పరీక్షలో మొదటి పనికే పేస్ట్ పడకపోతే గుండె జారిపోతుంది.

రెడ్ హ్యాట్ ఆర్‌హెచ్‌సీఎస్ఏ 3 గంటలు, 300కి 210 రావాలి. మ్యాన్ పేజీలు చాలామంది పైనుంచి కిందికి చదువుతారు, అది అనవసరం. అసలు సరుకంతా అడుగున ఉంటుంది. ఎస్ఈలినక్స్ (లినక్స్ భద్రతా వ్యవస్థ) కాంటెక్స్ట్ మార్చాలి, సీమేనేజ్ కమాండ్ సింటాక్స్ గుర్తులేదు అనుకుందాం. సీమేనేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్ మ్యాన్ పేజీ తెరిచి పెద్ద జీ నొక్కండి, చివరికి వెళ్లిపోతుంది, కాస్త పైకొస్తే ఉదాహరణలు కనిపిస్తాయి, బ్రాకెట్లూ చుక్కలూ ఉన్న ఆ గజిబిజి పాటర్న్‌తో సహా. డైరెక్టరీ పేరు మార్చుకుంటే పనైపోయింది. కమాండ్ పేరే గుర్తురాకపోతే మ్యాన్ మైనస్ కే పెట్టి ఒక ముఖ్యపదం ఇవ్వండి. అదీ ఏమీ లేదంటే ఇండెక్స్ తయారై ఉండకపోవచ్చు, రూట్‌గా మ్యాన్‌డీబీ నడిపి మళ్లీ ప్రయత్నించండి. క్రాన్‌టాబ్‌కి (పనుల్ని నిర్ణీత సమయానికి నడిపే పట్టిక) సెక్షన్ 5 పేజీ చూడాలన్నది గుర్తుంచుకోండి, మామూలుగా తెరిస్తే వచ్చే పేజీలో నిమిషం-గంట-తేదీ వరుస ఉండదు.

జీఐఏసీకి పుస్తకాల మోత మోసుకెళ్లేవాళ్లని చూస్తే పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లడం గుర్తొస్తుంది. అక్కడ నడిపించేది పుస్తకం కాదు, మీరు తయారుచేసుకున్న ఇండెక్స్. స్ప్రెడ్‌షీట్‌లో నాలుగు నిలువు గళ్లు చాలు: పదం, పుస్తకం నంబర్, పేజీ, ఒక్క లైన్ అర్థం. అక్షర క్రమంలో సర్ది ప్రింట్ తీసి స్పైరల్ వేయించండి. ఆ నాలుగో గడిని మాత్రం బద్ధకించి వదిలేయొద్దు, చాలా ప్రశ్నలకి ఆ లైన్ చదివితేనే జవాబు తట్టి అసలు పుస్తకం తెరవాల్సిన పనే ఉండదు. ఒకే విషయాన్ని రెండు మూడు పేర్లతో ఎక్కించండి, ప్రశ్నలో ఏ పేరుతో వస్తుందో ఎవరికి తెలుసు. వేరేవాళ్ల ఇండెక్స్ తెచ్చుకోవడం శుద్ధ దండగ అని నా ఉద్దేశం, ఎందుకంటే ఆ పేజీలు తిప్పుతూ రాసుకోవడమే సగం చదువు. ప్రాక్టీస్ టెస్టు రాసేటప్పుడు అదే ప్రింట్ పక్కన పెట్టుకుని రాయండి, వెతికినా దొరకని ప్రతి పదాన్నీ పెన్నుతో చేర్చుకుంటూ పోండి.

హ్యాకింగ్ నైపుణ్యాన్ని పరీక్షించే ఓఎస్‌సీపీలో 23 గంటల 45 నిమిషాలు, సొంత నోట్స్, ఇంటర్నెట్ రెండూ ఓకే, ఏఐ చాట్‌బాట్లు మాత్రం నిషేధం. అంత స్వేచ్ఛ ఉంది కదా అని నోట్స్ లేకుండా దిగితే వెతుకులాటతోనే రాత్రి గడిచిపోతుంది. మీరు ఇంతకుముందు వాడి పనిచేసిన కమాండ్లు, అవి ఏ సందర్భంలో పనిచేశాయో ఒక మాట పక్కన రాసి ఒకేచోట పెట్టుకోండి.

ఏమీ చూడనివ్వని పరీక్షలు ఇంటి నుంచి రాస్తుంటే టేబుల్ మీద చీటీ ముక్క కూడా ఉంచొద్దు, వాడకపోయినా సరే, కెమెరాలో కనిపిస్తే పరీక్ష ఆపేసే ప్రమాదం ఉంది. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకి ఏడబ్ల్యూఎస్‌లో 30 నిమిషాలు ఎక్కువ ఇస్తారు, కాకపోతే స్లాట్ బుక్ చేయకముందే అప్లై చేసుకోవాలి. చాలామంది ఇది తెలియక వదిలేసుకుంటున్నారు.

పరీక్ష అయ్యి బయటికి రాగానే, పాసైనా ఫెయిలైనా, ఏ టాపిక్‌ల దగ్గర వెతకడానికి ఎక్కువసేపు పట్టిందో మీ కోసం రాసుకోండి. టాపిక్ పేర్లు మాత్రమే. ప్రశ్నలు రాసుకుని పంచితే పరీక్షకు ముందు మీరు ఒప్పుకున్న షరతుల్ని దాటినట్టవుతుంది, సర్టిఫికెట్ కూడా పోవచ్చు. నా జాబితాలో మొదటి లైన్ ఆ స్టోరేజ్ టేబులే, రెండోసారి రాసేటప్పుడు ఆ పేజీ 20 సెకన్లలో తెరిచాను.