నాన్నగారి నెట్‌బుక్‌కి 4జీ డాంగిల్

అమలాపురం దగ్గర మా ఊళ్లో నాన్నగారికి ఏసర్ ఆస్పైర్ వన్ అనే నెట్‌బుక్ (చిన్న ల్యాప్‌టాప్) ఒకటి ఉంది. ఆటమ్ ఎన్270 ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్. పొద్దున్నే ఈ-పేపరు చూసుకోవడానికి, మెయిళ్లకీ ఆయనకి అది చాలు. ఎన్270 32 బిట్‌ది కాబట్టి డెబియన్ 12 (లినక్స్‌లో ఒక రకం) మీద ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ వేశాను. డెబియన్ 13కి 32 బిట్ ఇన్‌స్టాలరే లేదు. నేను ఊళ్లో ఉన్నన్నాళ్లూ నా ఫోన్ హాట్‌స్పాట్‌తో నడిచేది, హైదరాబాద్ బస్సెక్కితే నెట్ కూడా నాతోనే వచ్చేసేది. అందుకని ఈసారి సెకండ్ హ్యాండ్‌లో హువావే ఈ3372 డాంగిల్ (సిమ్ వేసి యూఎస్‌బీకి గుచ్చే నెట్ పరికరం) కొని పట్టుకెళ్లాను.

కొనేముందు రెండు విషయాలు అడగండి. ఏదైనా కంపెనీకి లాక్ అయి ఉందా? మీ సిమ్ వాడే 4జీ బ్యాండ్లు (సిగ్నల్ వచ్చే ఫ్రీక్వెన్సీలు) దానికి ఉన్నాయా? జియోవి 3, 5, 40. ఈ3372లోనే రకరకాల మోడళ్లు ఉన్నాయి, ఒక్కోదానికి బ్యాండ్లు వేరు. పేరు చూసి కొనేయకుండా వెనక స్టిక్కరు మీద పూర్తి మోడల్ నంబరు చదవండి.

సిమ్‌ని ముందు ఫోన్‌లో వేసి పిన్ లాక్ ఉంటే తీసేయండి, డేటా వస్తోందో లేదో కూడా అక్కడే తేలిపోతుంది. నా డాంగిల్లో పెద్ద సైజు సిమ్ పడుతుంది. నానో సిమ్‌ని అడాప్టర్‌లో పెట్టి తోస్తే సగంలో ఊడిపోయింది, పిన్నీసుతో లాగాల్సి వచ్చింది. రెండోసారి వెనకవైపు సెల్లోటేపు ముక్క అంటించి తోశాను.

ఇక అసలు సంగతి. డాంగిల్ గుచ్చగానే తెర మీద సీడీ బొమ్మ వచ్చింది. ఆ నెట్‌బుక్‌కి సీడీ డ్రైవే లేదు! డ్రైవర్ దొరకట్లేదేమోనని ఒక సాయంత్రమంతా వృథా చేసుకున్నాను. జరిగేదేమిటంటే, ఈ డాంగిళ్లు మొదట సీడీలాగా నటిస్తాయి. లోపల విండోస్ సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అది ఇన్‌స్టాల్ అయ్యాక ఒక సంకేతం పంపితేనే సీడీ వేషం తీసేసి మోడెమ్‌గా మారతాయి. లినక్స్‌లో ఆ సంకేతం పంపే పని యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ అనే ప్యాకేజీది (లినక్స్‌లో సాఫ్ట్‌వేర్‌ని అలా అంటారు). మామూలుగా ఇన్‌స్టాల్ చేసినవాళ్లకి అది ముందే ఉండొచ్చు. ర్యామ్ తక్కువని నేను అన్నీ కత్తిరించి వేశాను, అందుకే లేదు.

నెట్ కోసం ప్యాకేజీ కావాలి, ప్యాకేజీ కోసం నెట్ కావాలి. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి, ప్యాకేజీలు వేసే సినాప్టిక్ అనే ప్రోగ్రామ్‌లో పేరు వెతికి వేసేశాను. డాంగిల్ పీకి మళ్లీ గుచ్చండి. టెర్మినల్లో (ఆదేశాలు టైప్ చేసే కిటికీలో) గుచ్చిన యూఎస్‌బీ పరికరాలు చూపించే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ (అయిదూ చిన్న ఇంగ్లీషు అక్షరాలే, కలిపి) కొడితే ఇంతకుముందు 12డి1:1ఎఫ్01 అని చూపించిన చోట 12డి1:14డిసి అని కనబడింది. వేషం మారినట్టే.

ఈ రకం డాంగిల్‌ని లినక్స్ వైర్డ్ నెట్‌వర్క్ అనుకుంటుంది. మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ మెనూలో వెతక్కండి. బ్రౌజర్‌లో 192.168.8.1 తెరిస్తే డాంగిల్ సొంత పేజీ వస్తుంది. ఏపీఎన్ (సిమ్ కంపెనీ నెట్‌కి కలిపే పేరు) అక్కడే ఇవ్వాలి: జియోకి జియోనెట్, బీఎస్ఎన్ఎల్‌కి బీఎస్ఎన్ఎల్‌నెట్, చిన్న అక్షరాల్లో. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేయండి. పాత 3జీ డాంగిళ్లయితే నెట్‌వర్క్ మేనేజర్‌లో మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ ఎంచుకుని, దేశం, కంపెనీ చెబితే సరిపోతుంది. కానీ చాలా చోట్ల 3జీయే తీసేశారు, వాటి కోసం డబ్బు పెట్టకండి.

నెట్ వచ్చింది, పది నిమిషాలకోసారి పోయింది. కంప్యూటర్ లోపలి సందేశాలు చూపించే డిమెసేజ్ (డి, ఎం, ఈ, ఎస్, జి) ఆదేశాన్ని సుడోతో (అడ్మిన్ అనుమతితో) కొట్టి చూస్తే యూఎస్‌బీ డిస్‌కనెక్ట్ అని వరస. మా ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు, మధ్యగదిలో సిగ్నల్ ఒక గీతే. సిగ్నల్ బలహీనమైతే డాంగిల్ కరెంటు ఎక్కువ లాగుతుంది, నెట్‌బుక్ పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులు. కిటికీ దాకా తీసుకెళ్దామని 3 మీటర్ల చవక ఎక్స్‌టెన్షన్ వైరు కొంటే ఇంకా పాడైంది, సన్న వైరులో వోల్టేజీ పడిపోతుంది. చివరికి బల్లనే కిటికీ పక్కకి జరిపి, మీటరు వైరు వేసి, డాంగిల్‌ని ఊచకి పురికొసతో కట్టాను. మూడు గీతలు వచ్చాయి, డిస్‌కనెక్ట్‌లు ఆగాయి.

మిగిలిందొక్కటే. మూత వేసి తీస్తే ఒక్కోసారి డాంగిల్ లేవదు. 4జీ ఉన్నప్పుడు దాని లైటు లేత నీలంగా నిలకడగా ఉంటుంది. నాన్నగారు పాలవాడి లెక్క రాసుకునే క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో రాసుకున్నారు: నీలం లేకపోతే పీకి, పది లెక్కపెట్టి, పెట్టు.