మాంసం కొట్టే చింత మొద్దు ఇంట్లో తయారు చేసుకోవడం ఎలా?

కత్తికి పదును నిలవడం లేదంటే ముందు దాని కింద ఏముందో చూడండి. గ్రానైట్ గట్టు మీదో, స్టీలు పళ్ళెం మీదో కోస్తే ఎంత మంచి కత్తయినా కొద్దిరోజులకే మొండిబారుతుంది. మన శ్రీకాకుళం, విజయనగరం మాంసం కొట్లలో చింత మొద్దు ఊరికే పెట్టుకోరు.

సామిల్లులో అడుగు వెడల్పు, అయిదారు అంగుళాల మందం ఉన్న చేవ తేలిన చింత దుంగ ముక్క అడగండి. బొబ్బిలి వీణలకు వాడే పనస కూరగాయల పలకకు బాగుంటుంది గానీ, ఎముకలు కొట్టడానికి చింతే నయం. దుంగను అడ్డంగా కోయించాలి. వలయాలు పైకి కనబడుతుంటే సరిగ్గా కోసినట్టే. ఆ ముఖం మీద కత్తి పీచుల మధ్యకు దిగుతుంది, తీయగానే పీచులు మళ్ళీ దగ్గరవుతాయి. నిలువుగా కోసిన పలక మీదైతే పీచులు తెగి, పేళ్ళు లేచి కూరలో పడతాయి.

అందరూ తొందరపడేది ఆరబెట్టడం దగ్గరే. పచ్చి దుంగను మేడ మీద ఎండలో పడేస్తే నడిమి నుంచి అంచు దాకా నెర్రె ఇస్తుంది. కర్ర వలయాల వెంబడి ఎక్కువగా, అడ్డంగా తక్కువగా కుంచించుకుపోవడమే దీనికి కారణం. అందుకని కోసిన రెండు ముఖాలకూ కరిగించిన మైనం పూసి, నీడలో, గాలాడేచోట ఇటుకల మీద పెట్టండి. ఇంత మందానికి ఏడాదికి తక్కువ పట్టదు, వానాకాలంలో మన సముద్రపు గాలికి ఇంకా ఆలస్యం. అంత ఓపిక లేకపోతే ఎండిన మొద్దే కొనుక్కోండి. పూర్తిగా ఆరాక, బండిచక్రానికి వేసినట్టు చుట్టూ ఇనప పట్టా కొట్టించండి. ముందే వేయిస్తే కర్ర ఆరేకొద్దీ పట్టా వదులైపోతుంది.

మైనం గీకేసి, 80 నంబరు ఉప్పు కాగితంతో మొదలుపెట్టి 220 దాకా రుద్దండి. తర్వాత మెడికల్ షాపులో దొరికే, ఏమీ కలపని లిక్విడ్ పారఫిన్ పట్టించండి. కర్ర ఇక పీల్చనంత వరకూ పూస్తూనే ఉండాలి. వంటనూనె వద్దు, కొన్నాళ్ళకు కంపు కొడుతుంది. వార్నిష్ అసలే వద్దు, దెబ్బలకు పెచ్చులూడుతుంది.

వాడాక కత్తి వీపుతో గీకి, రాళ్ళుప్పుతో రుద్ది, వేడినీళ్ళతో కడిగి, నిలబెట్టి ఆరనివ్వండి. నానబెట్టకండి. కూరగాయలకు వేరే పలక ఉండాలి.

ఇక పదును. కాగితం మూలను రెండుసార్లు సగానికి మడిస్తే సుమారు 22 డిగ్రీల కోణం వస్తుంది. వంటకత్తిని సానరాయి మీద ఆ వాలులోనే పట్టండి. ఒక పక్క రుద్దుతుంటే అవతలి అంచున సన్నని గరుకు వేలికి తగులుతుంది. అది పొడవునా తగిలాక తిప్పి రెండో పక్క రుద్దండి. ఎముకలు కొట్టే కత్తికి వాలు కాస్త ఎక్కువుండాలి, లేదంటే అంచు విరుగుతుంది. కత్తిపీట అయితే రాయినే అలుగు మీద నడపాలి.

దుంగలో ముక్క మిగిలితే పనిముట్ల గదిలో ఉలి కింద వేసుకోవచ్చు. జిగురు, మెషిన్ ఆయిలు తగిలిన ఆ ముక్కకు ఎర్ర రంగు గీత పెట్టండి, పొరపాటున వంటింట్లోకి రాకుండా.