నెట్ పోయిందా? రౌటర్ స్విచ్ నొక్కే ముందు ఒక్క నిమిషం (లినక్స్ వాడేవాళ్లకి)

నెట్ పోగానే మనందరం చేసేది ఒకటే, రౌటర్ ఆపి, పది లెక్కపెట్టి, మళ్లీ వేయడం. చాలాసార్లు వచ్చేస్తుంది కూడా, చిక్కంతా అక్కడే. రౌటర్‌లో ఉన్న లాగ్, అంటే ఏం జరిగిందో రాసుకునే చిట్టా, చాలావరకు ఆ స్విచ్‌తోనే చెరిగిపోతుంది, ఎందుకు పోయిందో తెలియదు, రేపు సరిగ్గా మీటింగ్ టైమ్‌కి మళ్లీ పోతుంది. నేను ఉబుంటు ల్యాప్‌టాప్‌తో నెల రోజులు ఇలాగే నెట్టుకొచ్చాను. ఆపరేటర్‌కి ఫోన్ చేస్తే "మా సైడ్ అంతా బానే ఉంది సార్, విండోస్ వేసుకోండి" అన్నారు. తప్పు నా ల్యాప్‌టాప్‌దేనని తర్వాత తేలింది, ఆ మాట ఒప్పుకుంటాను, కానీ విండోస్ దాకా వెళ్లే పని లేదు, ఒక ఫైల్లో ఒక్క అంకె మార్చాను, అంతే.

ముందు డబ్బా మీద లైట్లు చూడండి. ఫైబర్ కనెక్షన్ అయితే పాన్ (PON) అని రాసున్న లైటు పచ్చగా, కొట్టుకోకుండా వెలగాలి. ఎల్‌ఓఎస్ (LOS) దగ్గర ఎర్రగా కొట్టుకుంటుంటే మీదాకా ఫైబర్ సిగ్నలే రావట్లేదు, దానికీ లినక్స్‌కీ ఏ సంబంధం లేదు. డబ్బా వెనక సన్న వైరు సోఫా కింద నలిగిందేమో చూసి, లేదంటే ఆపరేటర్‌కి కంప్లయింట్ పెట్టేయండి. అది లోపల గాజు పోగు, గట్టిగా మడత పడితే కాంతి అక్కడే బయటికి పోతుంది. దాని కొన పీకి నోటితో ఊది మళ్లీ పెట్టడం లాంటివి మాత్రం వద్దు.

లైట్లు బానే ఉంటే టెర్మినల్ తెరవండి. ఐపీ రూట్ అని కొడితే డిఫాల్ట్ అనే లైన్లో రౌటర్ అడ్రస్ కనిపిస్తుంది, ఎక్కువ ఇళ్లలో 192.168.1.1 లాంటిదే. ముందు దాన్ని పింగ్ చేయండి, అంటే ఓ చిన్న పలకరింపు పంపి జవాబు వస్తుందో లేదో చూడటం, తర్వాత 8.8.8.8ని (బయట ఇంటర్నెట్‌లో ఉండే గూగుల్ సర్వర్), ఆ తర్వాత ఏదైనా సైట్‌ని పేరుతో. ఈ మూడిట్లో ఎక్కడ ఆగిందో అక్కడే మన పని.

రౌటర్‌కే పింగ్ వెళ్లట్లేదు, లేదా వెళ్తూ ఆగుతోంది

నాది ఇదే. ఫోన్‌లో అదే వైఫై మీద వీడియోలు చక్కగా ఆడుతుంటాయి, ల్యాప్‌టాప్‌లో మాత్రం కాల్ మధ్యలో అవతలి మనిషి నోరు తెరిచి అలాగే ఉండిపోతాడు. ఒక మూల పింగ్ నడవనిచ్చి చూశాను. రెండు మూడు మిల్లీసెకన్లలో రావాల్సిన జవాబు 300, 400కి ఎగబాకుతోంది, వరుస నంబర్ 212 తర్వాత ఒక్కసారిగా 219కి దూకుతోంది. మధ్యలో ఆరు పింగ్‌లు మాయం. రౌటర్ నాలుగడుగుల దూరంలోనే ఉంది మరి.

కారణం వైఫై పవర్ సేవింగ్. బ్యాటరీ మిగల్చడానికి వైఫై కార్డు కొంచెం ఖాళీ దొరికితే చాలు కునుకు తీస్తుంది. కొన్ని కార్డులు, వాటి డ్రైవర్లు మళ్లీ లేవడంలో తడబడతాయి. ముందు తాత్కాలికంగా ఆపి చూడండి: సుడోతో ఐడబ్ల్యూ డెవ్, మీ వైఫై ఇంటర్‌ఫేస్ పేరు (ఐపీ రూట్ డిఫాల్ట్ లైన్లో డెవ్ పక్కన ఉండేది), సెట్ పవర్ అండర్‌స్కోర్ సేవ్ ఆఫ్. పింగ్ నిలకడగా వస్తే దొంగ దొరికినట్టే. అయితే రీబూట్ చేస్తే ఇది పోతుంది కాబట్టి, ఈటీసీలో నెట్‌వర్క్‌మేనేజర్ ఫోల్డర్, దాని లోపల కాన్ఫ్ డాట్ డీ చూడండి. ఉబుంటులో అయితే డిఫాల్ట్ వైఫై పవర్‌సేవ్ ఆన్ అనే అర్థమొచ్చే పేరుతో ఫైల్ ఉంటుంది, అందులో వైఫై డాట్ పవర్‌సేవ్ పక్కన 3 ఉంటే 2 చేసి, నెట్‌వర్క్‌మేనేజర్ సర్వీస్ రీస్టార్ట్ చేయండి. 2 అంటే ఆఫ్, 3 అంటే ఆన్. సున్నా పెడితే ఆగుతుందనుకుని నేను ఓ సాయంత్రం పోగొట్టుకున్నాను, సున్నా అంటే డిఫాల్ట్ వాడమని.

అసలు వైఫై పేర్లే కనిపించకపోతే ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ కొట్టండి. పొరపాటున ఎయిర్‌ప్లేన్ బటన్ తగిలి ఉంటే బ్లాక్డ్ అని చూపిస్తుంది.

ల్యాన్ కేబుల్ వాళ్లయితే సిస్టమ్ లాగ్ చూపే జర్నల్‌సీటీఎల్‌లో కెర్నల్ మెసేజ్‌లు చూడాలి. లింక్ ఈజ్ డౌన్, లింక్ ఈజ్ అప్ అని పొద్దస్తమానం పడుతుంటే ముందు కేబుల్ మార్చండి, క్లిప్ విరిగిన కేబుల్‌ని కాగితం ముక్క దోపి వాడేవాళ్లలో నేనూ ఒకడిని. ఈథ్‌టూల్ అనే కమాండ్‌లో స్పీడ్ 1000 (అంటే గిగాబిట్) రావాల్సింది 100 చూపిస్తున్నా అనుమానం కేబుల్ మీదే. గిగాబిట్‌కి నాలుగు జతల తీగలూ కావాలి, 100కి రెండు జతలు చాలు, అందుకే మిగతా రెండు జతల్లో ఒక తీగ తెగినా నెట్ నత్తనడకన నడుస్తూనే ఉంటుంది.

రౌటర్ దాకా బానే ఉంది, 8.8.8.8 రావట్లేదు

ఇక ఆపరేటర్ వంతు. ముందు బిల్లు కట్టారో లేదో చూసుకోండి, నవ్వకండి. బ్రౌజర్లో రౌటర్ అడ్రస్ కొడితే వచ్చే పేజీలో ఆప్టికల్ రిసీవ్డ్ పవర్ (ఫైబర్లో మీదాకా వచ్చే కాంతి బలం) ఉంటే అదీ చూడండి, మైనస్ 27 డీబీఎం దగ్గరికి జారిందంటే సిగ్నల్ బొటాబొటిగా ఉన్నట్టు. కరెంటు పోయినప్పుడల్లా నెట్ పోతుంటే, మీ డబ్బా ఇన్వర్టర్ మీద వెలుగుతున్నా అవతల వాళ్ల పరికరానికి బ్యాకప్ లేకపోయి ఉండొచ్చు.

8.8.8.8 వస్తోంది, సైట్ పేరు కొడితే దొరకట్లేదు

ఇది డీఎన్ఎస్ పని, అంటే సైట్ పేరుని నంబర్ అడ్రస్‌గా మార్చే సర్వీస్. ఆఫీస్ నెట్‌వర్క్‌లోకి వెళ్లే వీపీఎన్ మధ్యలో తెగిపోయినప్పుడు దాని డీఎన్ఎస్ అడ్రస్ సిస్టమ్‌లో అలాగే మిగిలిపోవడం నేను ఎక్కువగా చూశాను. రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్ కొడితే ఏది వాడుతోందో తెలుస్తుంది. వీపీఎన్ మళ్లీ కనెక్ట్ చేసి పద్ధతిగా ఆపితే తరచూ సర్దుకుంటుంది. లేదంటే సెట్టింగ్స్‌లో ఆ కనెక్షన్ ఐపీవీ4 పేజీకి వెళ్లి, డీఎన్ఎస్ ఆటోమేటిక్ తీసేసి 1.1.1.1, 8.8.8.8 అనే పబ్లిక్ డీఎన్ఎస్‌లు ఇచ్చేయండి.

మూడూ వస్తున్నాయి, కొన్ని సైట్లు మాత్రం తిరుగుతూనే ఉంటాయి

పీపీపీఓఈ, అంటే రౌటర్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో ఆపరేటర్‌కి లాగిన్ అయ్యే పద్ధతి ఉన్న కనెక్షన్లలో ఇది తగులుతుంది. డేటా ముక్కలుగా, అంటే ప్యాకెట్లుగా వెళ్తుంది, మామూలు ప్యాకెట్ గరిష్ఠ సైజు 1500 బైట్లు, పీపీపీఓఈ అందులో 8 బైట్లు తినేస్తుంది, మిగిలేది 1492. రౌటర్ ఈ లెక్క సరిగ్గా చూసుకోకపోతే పెద్ద ప్యాకెట్లు దారిలో ఆగిపోతాయి. రౌటర్‌లో, కుదరకపోతే ల్యాప్‌టాప్ కనెక్షన్‌లో, ఎమ్‌టీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1492 పెట్టి చూడండి.

ఆపరేటర్‌దే తప్పని తేలితే దారిలో ఒక్కో రౌటర్ (మెట్టు) దగ్గర ఎన్ని ప్యాకెట్లు పోతున్నాయో చూపే ఎమ్‌టీఆర్ అనే టూల్ వేసుకుని 8.8.8.8కి ఓ పది నిమిషాలు నడపండి. దారిలో మధ్య మెట్టు ఒక్కదాని దగ్గర నష్టం కనిపిస్తే పట్టించుకోవద్దు, కొన్ని రౌటర్లు పింగ్‌కి జవాబివ్వడం బద్ధకిస్తాయి. ఒక మెట్టు నుంచి మొదలై చివరిదాకా అన్నిట్లో నష్టం ఉంటేనే అది అసలు తప్పు. ఆ స్క్రీన్‌షాట్ టైమ్‌తో సహా వాట్సాప్ చేయండి, అప్పుడు విండోస్ మాట ఎత్తరు.