నాబ్ వదలగానే మంట ఆరిపోయే స్టవ్: నా అనుభవం

నాబ్ నొక్కి తిప్పితే బర్నర్ వెలిగేది, చెయ్యి తీయగానే టప్పున ఆరిపోయేది. బర్నర్ కడిగాను, ఇగ్నిషన్ బ్యాటరీ మార్చాను, నాబ్‌ని నిమిషం సేపు నొక్కి పట్టుకున్నాను, లాభం లేకపోయింది.

అసలు దోషి థర్మోకపుల్, అంటే బర్నర్ పక్కన ఉండే సన్నటి లోహపు కడ్డీ. మంట వేడికి అది కొన్ని మిల్లీవోల్టులు పుట్టిస్తేనే లోపలి వాల్వ్ తెరుచుకుని ఉంటుంది.

ముందు గ్యాస్ మెయిన్ వాల్వ్ కట్టేసి, కరెంటు ప్లగ్ పీకి, స్టవ్ పూర్తిగా చల్లారనిచ్చాను. పై ప్లేటు తీసి, పాత థర్మోకపుల్ తీగ ఏ దారిన వెళ్లిందో ఫోటో తీసుకున్నాను (లేకపోతే తర్వాత తిప్పలే). మోడల్ నంబరుకు సరిపోయే కొత్తది పెట్టి, తీగ మెలిపడకుండా నడిపించాను. వాల్వ్ దగ్గర నట్టు చేత్తో బిగించి, స్పానర్‌తో ఇంకో పావు చుట్టు మాత్రమే తిప్పాను. బలం చూపిస్తే తీగ కొన నలిగిపోతుంది. కడ్డీ మొన సరిగ్గా మంటలో ఉండేలా సర్దాను. గ్యాస్ తెరిచి జాయింట్లకు సబ్బు నీళ్లు రాశాను, బుడగలు రాలేదు. వెలిగించి, పది సెకన్లు పట్టుకుని వదిలాను. మంట నిలిచింది!

వాల్వ్‌ని తెరిచి పట్టి ఉంచే మాగ్నెట్ పోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది, కాబట్టి మీకూ ఇదే పనిచేస్తుందని చెప్పలేను. గ్యాస్ పారే జాయింట్ విప్పాల్సి వస్తే మాత్రం నేనైతే మెకానిక్‌నే పిలుస్తాను.