రొట్టెల పండక్కి ముందు బుకింగ్ పేజీ జాగ్రత్తలు: డీకోడ్ చేసిన డేటాని యాడ పెడతా ఉన్నారో చూసుకోండి

మొహర్రం దగ్గర పడిందంటే నెల్లూరు బారాషహీద్ దర్గా కాడికి, స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకోడానికి ఎక్కడెక్కడి జనమో దిగుతారు. పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, సొంతింటి రొట్టె, ఎవరి మొక్కు వాళ్లది. లాడ్జీల వాళ్లు నెల ముందు నుంచే "అబ్బయ్యా, మన సైట్ ఒకసారి చూడు" అని ఫోన్లు మొదలుపెడతారు, నాలాగా చిన్న సైట్లు చేసుకునేవాళ్లకి అదే సీజను. మామూలప్పుడు రోజుకి నలుగురైదుగురు నింపే ఫారాన్ని ఆ వారం ముక్కూ మొహం తెలియని వాళ్లందరూ నింపుతారు, అందులో ఒక్కడికి చేతి దురద ఉన్నా చాలు.

పోయినేడు నేను చేసిన తప్పు ముందు చెప్తా. ఒక లాడ్జి ఓనరు ఫోన్ చేసి "ఏందబ్బా, రిసెప్షన్ స్క్రీన్ మీద కస్టమర్ పేరు మధ్యలో ఏఎంపీ అని ఏందో వస్తా ఉంది" అన్నాడు. చూస్తే ఎవరో పేరు డబ్బాలో "మస్తాన్ & ఫ్యామిలీ" అని కొట్టున్నారు, సర్వరేమో ఆ & గుర్తుని ఎన్‌కోడ్ చేసి, అంటే ఏఎంపీ అనే కోడుగా మార్చి పంపిస్తా ఉంది, పేజీ దాన్ని అట్నే చూపిస్తా ఉంది. నేను తొందర్లో స్క్రిప్ట్‌లో డివ్ అనే ఖాళీ డబ్బా ఒకటి చేసి, దాని ఇన్నర్ హెచ్‌టీఎంఎల్‌లో (ఇందులో పోసిందాన్ని బ్రౌజర్ ట్యాగ్‌లుగా చదువుతుంది) ఆ పేరు పోసి, బయటికొచ్చిన మాటని తీసుకుని టేబుల్ గడిలో మళ్లీ ఇన్నర్ హెచ్‌టీఎంఎల్‌తోనే పెట్టేశా. పేరు శుభ్రంగా వచ్చింది, ఓనరు ఖుషీ, నాకు డబ్బులు కూడా వేశాడు.

రెండ్రోజుల తర్వాత ఎందుకో డౌటొచ్చి పేరు డబ్బాలో స్క్రిప్ట్ ట్యాగ్‌తో ఒక అలర్ట్ రాసి సబ్మిట్ కొట్టా, ఏం కాలా. హమ్మయ్య అనుకున్నా. చాలామంది ఈడే మోసపోతారు, ఎందుకంటే ఇన్నర్ హెచ్‌టీఎంఎల్‌తో దూర్చిన స్క్రిప్ట్ ట్యాగ్‌ని బ్రౌజర్ రన్ చెయ్యదు, అది హెచ్‌టీఎంఎల్ స్టాండర్డ్‌లో ఉన్న రూలే. కానీ దారులు ఇంకా ఉండాయి. ఇమేజ్ ట్యాగ్ రాసి, సోర్స్‌లో లేని బొమ్మ పేరు ఇచ్చి, ఆన్‌ఎర్రర్‌లో (బొమ్మ దొరక్కపోతే నడిచే కోడ్) అదే అలర్ట్ పెట్టి మళ్లీ కొట్టా. రిసెప్షన్ పేజీ తెరవగానే టక్కున అలర్ట్ డబ్బా లేచింది! బయటోడు రాసిన కోడ్ లాగిన్ అయ్యున్న స్టాఫ్ బ్రౌజర్‌లో నడిచినట్టే కదా, ఆ పేజీలో కస్టమర్ల ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు అన్నీ ఉండాయి. నాకు చెమటలు పట్టినాయి.

అసలు సంగతేందంటే ఎన్‌కోడింగ్ అనేది డబ్బా మూత లాంటిది. లెస్ దాన్, గ్రేటర్ దాన్, &, రెండు రకాల కోట్లు, ఈ ఐదింటికీ మూత వేస్తే బ్రౌజర్ వాటిని ట్యాగ్ అనుకోదు, ఉత్త అక్షరాలనుకుంటుంది. డీకోడ్ చేస్తే మూత తీసినట్టు. తియ్యొచ్చు, తప్పు లేదు, కానీ తీసినాక ఏది పెట్టినా ఉత్త అక్షరాలుగానే చూపించే టెక్స్ట్ కంటెంట్‌లో పెట్టాలి. టేబుల్ గడిని, అంటే టీడీని క్రియేట్ ఎలిమెంట్‌తో చేసి, దాని టెక్స్ట్ కంటెంట్‌కి పేరు ఇచ్చి, వరసకి అపెండ్ చేస్తే సరి, వాడు ఏ ట్యాగ్ రాసినా స్క్రీన్ మీద ఆ ట్యాగే అక్షరాలుగా కనపడద్ది. జేక్వెరీ వాడేవాళ్లకి హెచ్‌టీఎంఎల్ బదులు టెక్స్ట్ ఫంక్షను. రియాక్ట్‌లో మీసాల బ్రాకెట్లలో పెడితే చాలు, ఇన్నర్ హెచ్‌టీఎంఎల్ పెట్టే దారికి డేంజరస్లీ అని పేరులోనే చెప్తా ఉంటే దాన్ని వాడేవాళ్లని ఏమనాలి! వ్యూలో వీ-హెచ్‌టీఎంఎల్ కూడా అదే బాపతు.

డీకోడ్ చేసే చోట కూడా ఒక గుంట ఉంది. డివ్‌ని పేజీకి తగిలించలేదు కదా, ఏమవుద్దిలే అనుకోవద్దు. తగిలించకపోయినా లోపలున్న ఇమేజ్‌ని బ్రౌజర్ తెచ్చుకోబోతుంది, అది దొరక్కపోతే ఆన్‌ఎర్రర్ నడిచిపోద్ది. డివ్ బదులు టెక్స్ట్‌ఏరియాలో పోసి వాల్యూ తీసుకోండి, దాని లోపల ట్యాగ్‌లు పుట్టవు, గుర్తులు మాత్రం విప్పుకుంటాయి. డామ్ పార్సర్ కూడా వాడొచ్చు, అందులో కోడ్ నడవదు, కాకపోతే మూత పడని లెస్ దాన్ గుర్తు డేటాలో ఉంటే దాన్ని ట్యాగ్ అనుకుని ఆ ముక్క మింగేసే ప్రమాదముంది.

డీకోడ్ ఒక్కసారే. రెండుసార్లు ఎన్‌కోడ్ అయిన డేటా కనపడితే ఇంకోసారి డీకోడ్ కొట్టకుండా, యాడ రెండోసారి మూత పడతా ఉందో వెతకండి. ఫారం నుంచి డేటాబేస్‌లోకి పోయేటప్పుడు ఒకసారి, బయటికొచ్చేటప్పుడు ఇంకోసారి పడతా ఉండొచ్చు. డేటాబేస్‌లో మనిషి కొట్టింది కొట్టినట్టు దాచి, చూపించే చోట మాత్రమే జాగ్రత్త పడితే ఈ గోలే ఉండదు. జేసన్‌లో పంపి టెక్స్ట్ కంటెంట్‌లో పెట్టేదానికి హెచ్‌టీఎంఎల్ ఎన్‌కోడింగే అక్కర్లా.

రూము వివరాల్లో ఓనరుకి బోల్డ్ అక్షరాలు, బొమ్మలు కావాలంటే టెక్స్ట్ కంటెంట్‌తో కుదరదు. అప్పుడు ప్రమాదమైన ట్యాగ్‌లని తీసేసే డామ్‌ప్యూరిఫై లాంటి దాంతో కడగండి, కానీ డీకోడ్ అయినాకే కడగాలి. ముందు కడిగితే మూతలున్న డేటా దానికి ఉత్త అక్షరాల్లాగా కనపడి వదిలేస్తుంది, తర్వాత మీరు డీకోడ్ చెయ్యగానే ట్యాగ్‌కి ప్రాణం వస్తుంది.

లింకుల విషయంలో టెక్స్ట్ కంటెంట్ కాపాడదు. హెచ్‌రెఫ్‌లో జావాస్క్రిప్ట్ కోలన్ అని మొదలయ్యే అడ్రస్ పెడితే నొక్కగానే కోడ్ నడుస్తుంది, అందుకని యూఆర్‌ఎల్ ఆబ్జెక్ట్‌తో విప్పి హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ కానివాటిని పారెయ్యండి. ఇంకోటి, కస్టమర్ లైన్లు కొట్టి రాసింది టెక్స్ట్ కంటెంట్‌లో ఒకే లైనుగా వస్తుంది, దానికోసం బీఆర్ ట్యాగ్‌లు కలిపి మళ్లీ ఇన్నర్ హెచ్‌టీఎంఎల్‌కి పోతారు జనం. సీఎస్‌ఎస్‌లో వైట్ స్పేస్‌కి ప్రీ ర్యాప్ ఇస్తే అయిపోద్ది.

ఇదంతా చిన్న లాడ్జి సైటుకి ఎందుకంటారా. 2005 అక్టోబర్‌లో సామీ కమ్కార్ అనే కుర్రోడు మైస్పేస్ అనే సోషల్ సైట్‌లో తన ప్రొఫైల్లో ఇట్టాంటి కోడే పెడితే 20 గంటల్లో పది లక్షల మందికి పైగా ప్రొఫైళ్లకి పాకింది, సైటునే ఆపాల్సి వచ్చింది. సెషన్ కుకీకి హెచ్‌టీటీపీ ఓన్లీ (స్క్రిప్ట్ ఆ కుకీని చదవకుండా ఆపేది), సర్వర్‌లో కంటెంట్ సెక్యూరిటీ పాలసీ (ఏ కోడ్ నడవొచ్చో బ్రౌజర్‌కి చెప్పేది), ఈ రెండూ కూడా పెట్టుకోండి. ఇవి వెనకాల గోడలే, ముందు తలుపు తెరిచిపెట్టి వీటిని నమ్ముకోవద్దు.

పాత డేటా మర్చిపోవద్దు, పోయినేడు మూతతోనే దాచిన పేర్లు ఇంకా డేటాబేస్‌లో ఉంటాయి. బ్యాకప్ తీసి వాటిని ఒకసారి సరిచేసి, ఆ ఇమేజ్ ట్యాగ్ టెస్టుని కస్టమర్ ఫారంలో కొట్టి, రిసెప్షన్ పేజీ, బిల్లు ప్రింట్ పేజీ తెరిచి చూడండి. ఇవన్నీ పండక్కి వారం ముందే. రొట్టెలు మొదలైనాక ఓనరు ఎంత బతిమాలినా నేనైతే ఆ కోడ్ ముట్టుకోను.