కారు పికప్ తగ్గిందా? పార్టులు మార్చే ముందు ఇలా వెతకండి

పికప్ తగ్గిందనగానే ఎయిర్ ఫిల్టరూ స్పార్క్ ప్లగ్గులూ మార్చేయడం, తేడా రాకపోతే ఫ్యూయల్ పంపు మీద పడటం చాలామంది చేసే పని. దానికన్నా ముందు ఒకటి తేల్చుకోవాలి: ఇంజన్‌కే బలం లేదా, లేక ఉన్న బలం దారిలో ఎక్కడో వృథా అవుతోందా? రెండోదైతే ఇంజన్‌లో ఏం మార్చినా బండి లాగదు.

మాన్యువల్ గేరు కారైతే ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు గబుక్కున పైకి లేచి, వేగం మాత్రం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతోందన్నమాట. రెండూ కలిసి పెరుగుతుంటే, ఎంత నెమ్మదిగానైనా సరే, క్లచ్ జోలికి పోనక్కర్లేదు.

తర్వాత బ్రేకులు. బ్రేకు పెద్దగా వాడకుండా ఐదారు కిలోమీటర్లు నడిపి ఆపండి. ఒక్కో చక్రం దగ్గర అరచెయ్యి పెట్టి చూడండి. డిస్కును మాత్రం తాకొద్దు, చెయ్యి కాలుతుంది. ఒక చక్రం మిగతావాటికన్నా గట్టిగా సెగ కొడుతుంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉంది. ఎక్కువగా కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) స్లైడ్ పిన్నులు ఎండిపోయి బిగుసుకుపోవడమే దీనికి కారణం. వాటిని తీసి, తుడిచి, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు రాస్తే వదులవుతాయి. పిస్టన్ లోపలికి జరగకపోతే కాలిపర్ విప్పక తప్పదు. పనిలో పనిగా టైర్లలో గాలి, పెడల్ కింద మ్యాట్ కూడా చూడండి. మ్యాట్ ముడతపడి పెడల్‌ను సగంలోనే ఆపేస్తుంటే, బానెట్ ఎత్తి వెతకడం చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టే.

ఇవన్నీ బాగుంటే అప్పుడు ఇంజన్. ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే పరికరం) తగిలించి కోడ్లు రాసుకోండి. పీ0171 వస్తే మిశ్రమంలో ఇంధనం తక్కువైందని అర్థం. అది చూసి ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు కొందరు. పాపం, ఆ సెన్సర్ ఉన్న మాట చెప్పిందంతే. లైవ్ డేటాలో షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్‌లు (కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకెలు) రెండూ కూడండి. మొత్తం ప్లస్ లేదా మైనస్ 10 శాతం లోపల ఉంటే పర్వాలేదు. ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నడుస్తున్నప్పుడు) ప్లస్ 20 దాటి, 2500 ఆర్‌పీఎం దగ్గర మామూలుకొస్తే ఎక్కడో గాలి దొంగదారిన దూరుతోంది: పగిలిన వాక్యూమ్ గొట్టమో, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్టో. అదే ఐడిల్‌లో బాగుండి, లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ పెరుగుతుంటే ఇంధనం చాలడం లేదు, లేదా మాఫ్ సెన్సర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని కొలిచేది) గాలిని తక్కువ లెక్కగడుతోంది.

చవకైంది కాబట్టి మాఫ్‌తో మొదలుపెట్టండి. దానికంటూ ఉన్న క్లీనర్ స్ప్రే మాత్రమే కొట్టాలి. లోపలి సన్నటి తీగను గుడ్డతో, దూదితో తుడిచారా, కొత్త సెన్సర్ కొనుక్కోవాల్సిందే. పూర్తిగా ఆరాకే బిగించండి. అయినా మార్పు లేకపోతే ఫ్యూయల్ ప్రెషర్ కొలవండి. పోర్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో సాధారణంగా 3 నుంచి 4 బార్ ఉంటుంది, మీ కారుకు కచ్చితమైన లెక్క సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి. ఐడిల్‌లో సరిపోయిన ప్రెషర్ లోడు మీద పడిపోతుంటే ఫిల్టర్ మూసుకుపోయి ఉండాలి, లేదా పంపు అలిసిపోయి ఉండాలి.

లాగేటప్పుడు కుదుపులుండి పీ0302 వస్తే రెండో సిలిండర్ మిస్ అవుతోంది. ఇంజన్ ఆపి, ఆ సిలిండర్ ఇగ్నిషన్ కాయిల్‌ను (ప్లగ్గుకు కరెంటిచ్చేది) మూడో సిలిండర్ కాయిల్‌తో మార్చి పెట్టండి. కోడ్లు చెరిపి మళ్లీ నడపండి. ఈసారి పీ0303 వస్తే కాయిలే పోయింది. పీ0302 అలాగే ఉంటే ప్లగ్గు, ఆపైన ఇంజెక్టర్ చూడాలి.

మిస్‌ఫైర్‌ను నెలల తరబడి వదిలేస్తే కాలని పెట్రోలు, పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. లోపలి జల్లెడ కరిగి మూసుకుపోతుంది. అప్పుడు బండి నెమ్మదిగా బాగానే పోతుంది గానీ, గట్టిగా తొక్కితే ఎవరో గొంతు పట్టుకున్నట్టు ఆగిపోతుంది. ఇంజన్ చల్లారాక కన్వర్టర్‌కు ముందున్న ఆక్సిజన్ సెన్సర్ విప్పి, ఆ రంధ్రానికి ప్రెషర్ గేజ్ బిగించండి. 2500 ఆర్‌పీఎం దగ్గర 0.2 బార్ దాటితే దారి మూసుకుపోయినట్టే. మిస్‌ఫైర్ బాగుచేయకుండా కొత్త కన్వర్టర్ వేస్తే అదీ అలాగే పోతుంది.

టర్బో డీజిల్ కారు నల్లపొగ వదులుతూ పీ0299 (టర్బో బూస్ట్, అంటే అది నెట్టే గాలి ఒత్తిడి, చాలడం లేదని) చూపిస్తే ముందు ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) గొట్టాలు తడమండి. చీలిక చాలాసార్లు అడుగువైపు, క్లిప్పు పక్కన ఉంటుంది. బూస్ట్ వచ్చినప్పుడే తెరుచుకుంటుంది కాబట్టి ఇంజన్ ఆగి ఉన్నప్పుడు కంటికి ఆనదు. చుట్టూ తాజా నూనె చెమ్మ ఉంటే అక్కడ గొట్టాన్ని వంచి చూడండి. టర్బో మార్చమని ఎవరైనా చెప్పినా ఇది చూడకుండా ఒప్పుకోవద్దు.

అన్నీ సరిగ్గా ఉండి కూడా లాగకపోతే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) కొలవాలి. సిలిండర్ల మధ్య తేడా 15 శాతం దాటకూడదు. పెట్రోలు ఇంజన్‌లో తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. రీడింగ్ పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వులైనా హెడ్ గ్యాస్కెట్టైనా పోయి ఉంటుంది.