పాత చేతక్ బాగుచేసుకుందాం – 4వ పాఠం: గేరు, క్లచ్ కేబుళ్లు మార్చడం

గత పాఠంలో వెనక చక్రం విప్పి బ్రేక్ షూలు మార్చాం. ఈసారి కేబుళ్ల పని: గేరువి రెండు, క్లచ్‌ది ఒకటి. చేతక్ స్కూటర్‌లో రోజంతా చాకిరీ చేసేవి ఇవే. తెగేదాకా ఎవరూ పట్టించుకోనివీ ఇవే.

గేరు సరిగ్గా పడకపోయినా, ఫస్ట్‌లో వేస్తే న్యూట్రల్‌కి జారిపోయినా, క్లచ్ పూర్తిగా పట్టుకున్నా బండి ముందుకు లాగుతున్నా చాలామంది నేరుగా ఇంజన్ విప్పించడానికి సిద్ధపడతారు. అంత తొందర వద్దు. కేబుళ్లు సరిచేయకుండా ఇంజన్ మీద చెయ్యి వేయకూడదని నేను గట్టిగా చెబుతాను. కేబుల్ పనికి ఖర్చు తక్కువ, ఓపిక ఉంటే ఒక పూటలో అయిపోతుంది. ఇంజన్ రెండు చెక్కలు చేస్తే గ్యాస్కెట్లు, సీళ్లు, బేరింగులు అంటూ బిల్లు పెరుగుతూనే ఉంటుంది.

1972లో వచ్చిన చేతక్‌కు ఇటలీ వెస్పా మూలం. గేరు ఎడమ చేతిలో ఉంటుంది, గేరు పెట్టె వెనక ఇంజన్‌లో ఉంటుంది. మన మణికట్టు తిప్పిన తిప్పు హ్యాండిల్ నుంచి మెడలోకి దిగి, కాళ్లు పెట్టుకునే పలక మధ్యనున్న సొరంగం గుండా ఇంజన్ దాకా పోవాలి. పైగా ఈ బండిలో ఇంజన్ ఒకచోట కదలకుండా ఉండదు. గతుకు తగిలినప్పుడల్లా వెనక చక్రంతో పాటే పైకీ కిందికీ ఊగుతుంది. అందుకే కేబుళ్లు ముఖ్యంగా మూడు చోట్ల అరుగుతాయి: హ్యాండిల్‌లో నిపుల్ (తీగ కొసనుండే చిన్న లోహపు గుండు) దగ్గర, హ్యాండిల్ తిరిగే మెడ వంపులో, ఇంజన్‌లోకి వంగే చోట. పరీక్ష ఎప్పుడూ ఈ మూడింటితో మొదలుపెట్టండి.

రెండు గేరు కేబుళ్లూ బావి గిలక మీది చేంతాడు రెండు కొసల్లాంటివి. ఒకటి లాగితే రెండోది వదులవ్వాలి. క్లచ్ లివర్‌ను పైకి తిప్పి ఒకటో గేరు వేసినప్పుడు ఒక కేబుల్ లాగుతుంది, కిందికి తిప్పి 2, 3, 4 వేసినప్పుడు రెండోది లాగుతుంది. కాబట్టి గేరు ఒకవైపే పడుతూ రెండోవైపు చెయ్యి ఉత్తినే తిరిగిపోతుంటే, ఆ వైపు లాగే కేబుల్ తెగిందన్నమాట. రెండువైపులా పడుతున్నా హ్యాండిల్ మీది అంకె దగ్గర కాకుండా ముందో వెనకో పడుతుంటే కేబుళ్లు సాగాయి.

సాగిన కేబుల్‌తో నెట్టుకొస్తే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. గేరు పెట్టెలో నాలుగు చేతులున్న ఒక ముక్క ఉంటుంది, మెకానిక్కులు దాన్ని క్రాస్ అంటారు. అది ఏ గేరు పళ్లచక్రంలోకి దూరితే ఆ గేరు పడుతుంది. కేబుల్ సాగితే క్రాస్ సగమే దూరుతుంది. అలా సగం పట్టుతో లోడు లాగీ లాగీ దాని చేతుల అంచులు గుండ్రంగా అరిగిపోతాయి. ఇక కేబుళ్లు ఎంత కొత్తవి వేసినా గేరు జారుతూనే ఉంటుంది, అప్పుడు ఇంజన్ విప్పక తప్పదు.

కేబుల్ సెట్ హైదరాబాద్ పుత్లీబౌలిలోనూ, విజయవాడ ఆటోనగర్‌లోనూ అడిగి చూడండి. ఒట్టి చేతక్ అనకండి. ఇప్పుడు ఆ పేరుతో ఎలక్ట్రిక్ స్కూటర్ ఉంది, మధ్యలో ఫోర్ స్ట్రోక్ చేతక్ కూడా వచ్చింది. పాత టూ స్ట్రోక్ బండికి కావాలని స్పష్టంగా చెప్పండి. కేబుల్‌ను వేళ్ల మధ్య జరిపి చూడండి, గరుకు తగలకూడదు. నిపుల్ పట్టుకుని గట్టిగా లాగితే ఏమాత్రం కదలకూడదు. నాలుగు రూపాయలు ఎక్కువైనా మంచిదే కొనండి, చవక కేబుల్‌కు పెట్టే శ్రమ కూడా ఇంతే.

చిన్న సైజు పానాలు, స్క్రూడ్రైవర్, పదునైన కటింగ్ ప్లేయర్, గ్రీజు, రెండు రంగుల టేపు దగ్గర పెట్టుకోండి. పెట్రోల్ కాక్ కట్టేసి, స్పార్క్ ప్లగ్ విప్పేయండి. ఎడమవైపు సైడ్ ప్యానెల్ తీసి పక్కన పెట్టండి. పాత టైరు ఒకటి నేల మీద వేసి, ఇద్దరు పట్టుకుని బండిని దాని మీదికి ఎడమవైపుకు ఒరిగించండి. ఇంజన్ కుడివైపు ఉంటుంది కనుక ఇలా పడుకోబెడితే అడుగుభాగమంతా చేతికి అందుతుంది. ట్యాంకులో పెట్రోల్ నిండుగా ఉంటే మూత దగ్గర కారుతుంది, ముందే కొంత తీసేయండి. దగ్గర్లో పొయ్యి గానీ సిగరెట్ గానీ ఉండకూడదు.

ఇంజన్ దగ్గర రెండు కేబుళ్లు వచ్చి చేరేచోట ఒక మూత ఉంటుంది. అది తీస్తే చిన్న పుల్లీ కనిపిస్తుంది. దాని మీద రంధ్రమున్న రెండు చిన్న బోల్టులు ఉంటాయి, కేబుళ్లు వాటిలో దూరి బిగుసుకుని ఉంటాయి. పానా పెట్టేముందే ఒక్కో కేబుల్‌కు ఒక్కో రంగు టేపు చుట్టండి. ఇవి తారుమారైతే గేర్లు తలకిందులుగా పడతాయి. రెండూ ఒకేసారి విప్పకండి, ఒకటి పూర్తిగా మార్చాకే రెండోదాన్ని ముట్టుకోండి.

పైన మోడల్‌ను బట్టి హెడ్‌లైటో, హ్యాండిల్ పై మూతో విప్పితే నిపుళ్లు కూర్చున్న చోటు కనిపిస్తుంది. కింద బోల్టు వదులు చేసి, తీగను కప్పి ఉండే గొట్టాన్ని ముందు చూడండి. ఆ గొట్టం ఎక్కడా నలగకుండా, చిట్లకుండా ఉంటే లోపలి తీగ మారిస్తే చాలు: పాత తీగను పైనుంచి మెల్లగా లాగండి, గొట్టం బండిలోనే ఉండిపోతుంది. గొట్టం కూడా పాడైతే పాత తీగను తీయకండి. కొత్త గొట్టాన్ని కింది కొసన అదే తీగ మీదికి ఎక్కించి, పాత గొట్టం చివరికి ఆనించి టేపుతో గట్టిగా చుట్టండి. పైనుంచి పాతదాన్ని లాగుతుంటే కొత్తది దాని వెంటే సొరంగం దాటి పైకి వస్తుంది. ఈ దారి ఒకసారి పోయిందంటే మళ్లీ దొరకబుచ్చుకోవడం చాలా కష్టం.

కొత్త తీగ ఎక్కించడంలోనే అసలు ఓపిక కావాలి. తీగ పొడవునా పలచగా గ్రీజు రాసి, పైనుంచి కొద్దికొద్దిగా దూర్చండి. తీగ పేనిన దిశలోనే వేళ్లతో మెలితిప్పుతూ తోయండి, వ్యతిరేకంగా తిప్పితే పోగులు విచ్చుకుంటాయి. మెడ వంపు దగ్గర ఆగినట్టు అనిపిస్తే బలవంతం చేయకుండా రెండంగుళాలు వెనక్కి లాగి, హ్యాండిల్‌ను అటూ ఇటూ కదిపి మళ్లీ తోయండి. కొస దగ్గర ఒక్క పోగు విచ్చుకున్నా అది గొట్టంలో తట్టుకుంటుంది. అలాంటప్పుడు తీగను బయటికి తీసి, కొసను టంకం వేసి అతికించి మళ్లీ మొదలుపెట్టడమే దారి. సర్దుబాటు మొత్తం అయ్యేదాకా మిగులు తీగను కత్తిరించవద్దు.

రెండు తీగలూ వచ్చాక అడ్జస్టర్లు (కేబుల్ బిగువు సరిచేసే మరలు) రెండూ దాదాపు పూర్తిగా లోపలికి తిప్పేయండి. హ్యాండిల్‌ను న్యూట్రల్ గుర్తు మీద పెట్టి, ఎవరినైనా అలాగే పట్టుకోమనండి. కింద పుల్లీని చేత్తో తిప్పుతూ వెనక చక్రం తిప్పి చూడండి. చక్రం తిరుగుతూ, ఇంజన్‌ను చల్లబరిచే కుడివైపు ఫ్యాన్ కదలకుండా ఉంటే న్యూట్రల్‌లో ఉన్నట్టు. అక్కడ రెండు తీగల్లోనూ వదులు పోయేంత లాగి బోల్టులు బిగించండి. వీణ తీగల్లా మోగేంత బిగించకండి, గేరు తిప్పడం భారమై నిపుళ్లు తొందరగా పోతాయి.

ఇప్పుడు క్లచ్ పట్టుకుని ఒక్కో గేరూ వేస్తూ చక్రాన్ని ముందుకూ వెనక్కూ కొద్దిగా ఆడించండి. క్రాస్ తన గాడిలో పడటానికి ఆ ఊపు కావాలి. క్లచ్ వదిలి చక్రం తిప్పితే ఫ్యాన్ కూడా తిరగాలి. నాలుగు గేర్లూ అంకెకు ఎదురుగా పడుతున్నాయా చూడండి. అన్నీ ఒకేవైపు జరిగి పడుతుంటే ఒక అడ్జస్టర్‌ను ఎంత బయటికి తిప్పితే రెండోదాన్ని అంతే లోపలికి తిప్పండి. నాలుగోది పడి ఒకటోది పడకపోతే తీగల్లో వదులు మిగిలిందని అర్థం.

క్లచ్ కేబుల్ మార్చే పద్ధతీ ఇదే. కింది కొస వెనక చక్రం పక్కనున్న క్లచ్ చెయ్యికి బిగుస్తుంది. లివర్ మొదట్లో 2–3 మిల్లీమీటర్ల ఆట (వదులు) తప్పకుండా వదలాలి. ఆట లేకపోతే క్లచ్ ప్లేట్లు ఎప్పుడూ కొద్దిగా విడివడి జారుతూ కాలిపోతాయి, ఎక్కువైతే గేరు మార్చిన ప్రతిసారీ కరకరమంటుంది.

కొత్త తీగలు మొదటి వారంలో కొంచెం సాగుతాయి. నాలుగైదు రోజులు బండి నడిపి, అడ్జస్టర్లతో మళ్లీ సరిచేసి, ఆ తర్వాతే మిగులు తీగను రెండంగుళాలు వదిలి కత్తిరించండి. అన్నీ సరిగ్గా ఉండి కూడా లోడు మీద గేరు జారుతుంటే క్రాస్ అరిగినట్టే, దాని పని ఇంజన్ పాఠాల్లో చూద్దాం. గేర్లు బాగా పడుతూ ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ మోత పెరిగి బండి కదలకపోతే క్లచ్ ప్లేట్లు పోయినట్టు. వచ్చే పాఠం వాటిదే. కార్క్ ప్లేట్ల సెట్ కొని, పని పెట్టుకునే ముందురోజు రాత్రే గేర్ ఆయిల్‌లో నానేసి ఉంచండి.